రెండో కుర్చీకి మనిషిని ఎంచడం

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు, బకాయిల సంగతులు నాకంటే ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. నాకిచ్చిన సమయంలో వేరే విషయం చెప్పదలచుకున్నాను. మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. కొందరికి అక్కడి పౌరసత్వం వచ్చింది, ఓటు హక్కు వచ్చింది. మనవలు, మనవరాళ్లు అక్కడే పుట్టి పెరుగుతున్నారు. కాబట్టి అక్కడి అధ్యక్ష ఎన్నికలు మనకు పూర్తిగా పరాయి విషయం కాదు. ఆ ఎన్నికల్లో పైకి చిన్నదిగా కనపడే ఒక అంశాన్ని తీసుకున్నాను. అధ్యక్ష పదవికి పోటీ చేసే వ్యక్తి తన పక్కన ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఎవరిని నిలబెట్టుకోవాలి? అక్కడివారు ఆ రెండో మనిషిని 'రన్నింగ్ మేట్' అంటారు. మనం జోడీ అనుకుందాం.

మన సంఘం రాజకీయాలకు అతీతం. అమెరికాలో ఏ పార్టీ మంచిది, ఏది కాదు అనే చర్చ నేను చేయబోవడం లేదు. నేను మాట్లాడేది ఎంపిక పద్ధతి గురించి మాత్రమే.

మొదట్లో ఈ జోడీ పద్ధతి లేదు. 1787లో రాసుకున్న వారి రాజ్యాంగం ప్రకారం ఎలక్టర్ల ఓట్లు ఎక్కువ వచ్చినవారు అధ్యక్షుడు, రెండో స్థానంలో నిలిచినవారు ఉపాధ్యక్షుడు. వినడానికి న్యాయంగానే ఉంది. కాని 1796లో జాన్ ఆడమ్స్ అధ్యక్షుడైతే, ఆయన మీద పోటీ చేసి ఓడిన థామస్ జెఫర్సన్ ఉపాధ్యక్షుడయ్యారు. ఇద్దరివీ ఎదురు పార్టీలు. 1800లో ఇంకో చిక్కు వచ్చింది. జెఫర్సన్‌కూ, ఆయన పార్టీకే చెందిన ఆరన్ బర్‌కూ చెరి 73 ఓట్లు వచ్చాయి. ప్రతినిధుల సభలో 36 సార్లు ఓటింగు జరిగితేగాని జెఫర్సన్ గెలుపు తేలలేదు. ఆ అనుభవంతో 1804లో 12వ సవరణ తెచ్చి రెండు పదవులకూ ఎలక్టర్ల ఓట్లు వేరు చేశారు. అప్పటినుంచి పార్టీలు జోడీలను నిలబెడుతున్నాయి. ఇవాళ సామాన్య ఓటరు జోడీని విడదీసి ఓటు వెయ్యలేడు. తీసుకుంటే ఇద్దరినీ తీసుకోవాలి, వద్దంటే ఇద్దరినీ వద్దనాలి. ఓటరుకు ఆ స్వేచ్ఛ లేదు కాబట్టే జోడీని ఎంచేవారి మీద బాధ్యత ఎక్కువ.

ఇంతకీ ఆ పదవిలో పనేమిటి? రాజ్యాంగం ప్రకారం సెనేట్‌కు అధ్యక్షత వహించడం, ఓట్లు సరిసమానమైనప్పుడు తమ ఓటు వేసి తేల్చడం. అంతే. కమలా హారిస్ నాలుగేళ్లలో అలాంటి ఓట్లు 33 వేశారు. చరిత్రలో అదే ఎక్కువ. మొట్టమొదటి ఉపాధ్యక్షుడైన ఆడమ్స్ ఇంత అప్రధానమైన పదవిని మనిషన్నవాడెవడూ కల్పించి ఉండడని భార్యకు ఉత్తరం రాసుకున్నారు.

అయినా ఆ అప్రధానమైన పదవిలో ఒక పెద్ద సంగతి దాగి ఉంది. ఇప్పటికి 50 మంది ఉపాధ్యక్షులయ్యారు. వారిలో 9 మంది ఎన్నిక లేకుండానే అధ్యక్షులయ్యారు. ఎనిమిదిసార్లు అధ్యక్షుడు పదవిలో ఉండగా మరణించడం వల్ల, ఒకసారి, అంటే 1974లో, నిక్సన్ రాజీనామా వల్ల. దాదాపు ఐదుగురిలో ఒకరన్నమాట. మన ఆఫీసులో ఏ పోస్టులోనైనా ఐదుగురిలో ఒకరు ఉన్నట్టుండి పై అధికారి కుర్చీలోకి వెళతారని తెలిస్తే, ఆ పోస్టుకు మనిషిని ఎంత జాగ్రత్తగా ఎంచుతాం!

ఇక్కడ మన పద్ధతికీ వారి పద్ధతికీ ఉన్న తేడా చెప్పాలి. మన ఉపరాష్ట్రపతిని పార్లమెంటు సభ్యులు విడిగా ఎన్నుకుంటారు. రాష్ట్రపతి మరణిస్తే ఉపరాష్ట్రపతి తాత్కాలికంగా ఆ బాధ్యతలు చూస్తారు. ఆరు నెలల్లోగా కొత్త రాష్ట్రపతి ఎన్నిక జరగాలి. 1969 మే 3న డాక్టర్ జాకీర్ హుస్సేన్ మరణించినప్పుడు మన తెలుగువారు శ్రీ వి.వి. గిరి ఆ విధంగానే బాధ్యతలు చూశారు. జూలైలో రాజీనామా చేసి, పోటీలో దిగి, గెలిచి, ఆగస్టులో పూర్తి హోదాతో రాష్ట్రపతి అయ్యారు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే ముందున్నది ఎఫ్.ఎ.సి., తరవాతది రెగ్యులర్ పోస్టింగు. అమెరికాలో ఎఫ్.ఎ.సి. లేదు. అధ్యక్షుడు మరణించిన క్షణంనుంచి మిగిలిన కాలమంతా, మూడేళ్లు కానివ్వండి, మూడేళ్ల పదకొండు నెలలు కానివ్వండి, ఉపాధ్యక్షుడే అసలు అధ్యక్షుడు. పైగా అక్కడ పరిపాలనాధికారమంతా ఆ కుర్చీలోనే ఉంటుంది.

ఈ సంగతిని తేల్చింది జాన్ టైలర్. 1841లో విలియం హెన్రీ హారిసన్ ప్రమాణం చేసిన నెల రోజులకే చనిపోయారు. పదవిలో ఉండగా అధ్యక్షుడు మరణించడం అదే మొదటిసారి. టైలర్ ఇన్‌చార్జి మాత్రమేనని కొందరు వాదించారు. ఆయన ఒప్పుకోలేదు. 'తాత్కాలిక అధ్యక్షుడు' అని చిరునామా రాసి వచ్చిన ఉత్తరాలను విప్పకుండానే తిప్పి పంపించారని చెబుతారు. మనలో ఇన్‌వర్డ్ సెక్షన్‌లో పనిచేసినవారికి ఆ దృశ్యం బాగా అర్థమవుతుంది. టైలర్ పెట్టిన ఆనవాయితీ 126 ఏళ్లు నడిచాక, 1967లో 25వ సవరణతో అది రాతపూర్వకమైంది.

ఇక జోడీని ఎంచేటప్పుడు అక్కడివారు ఏయే తూకపురాళ్లు వాడుతూ వచ్చారో చూద్దాం.

మొదటి రాయి వర్గ సమతూకం. మనవాడు కానివాణ్ని ఒకణ్ని పక్కన పెట్టుకుంటే అవతలి వర్గం ఓట్లు కూడా వస్తాయనే లెక్క. టైలర్‌ను అలాగే పెట్టుకున్నారు. విగ్ పార్టీ జోడీలో ఉన్నా ఆయన భావాలు పాత డెమొక్రాట్ భావాలే. కుర్చీ ఎక్కగానే సొంత పార్టీ పంపిన జాతీయ బ్యాంకు బిల్లులను రెండుసార్లు వీటో చేశారు. 1841 సెప్టెంబరులో విదేశాంగ మంత్రి డేనియల్ వెబ్‌స్టర్ తప్ప మంత్రులందరూ రాజీనామా చేశారు. పార్టీ ఆయనను బహిష్కరించింది. హారిసన్ విధానాలకు ఓటు వేసిన జనానికి టైలర్ విధానాలు దక్కాయి.

అంతకంటే బాధాకరమైనది 1864 నాటి ఎంపిక. అంతర్యుద్ధం నడుస్తోంది. ఉపాధ్యక్షుడుగా ఉన్న హానిబల్ హామ్లిన్‌ను తప్పించి, దక్షిణాదివాడూ డెమొక్రాటూ అయిన టెనెసీ నాయకుడు ఆండ్రూ జాన్సన్‌ను లింకన్‌కు జోడీగా పెట్టారు. దేశమంతా ఒక్కటేనని చూపించాలన్న ఉద్దేశం మంచిదే. కాని ప్రమాణం చేసిన ఆరు వారాలకే లింకన్ హతులయ్యారు. జాన్సన్ అధ్యక్షుడయ్యారు. బానిసత్వంనుంచి విముక్తులైన నల్లజాతివారికి హక్కులిచ్చే బిల్లును 1866లో వీటో చేశారు. అమెరికన్ కాంగ్రెస్, అంటే వారి పార్లమెంటు, ఆ వీటోను తోసిపుచ్చి చట్టం చేయవలసి వచ్చింది. 1868లో ఆయన మీద అభిశంసన విచారణ జరిగితే సెనేట్‌లో ఒక్క ఓటు తేడాతో బయటపడ్డారు. ఎన్నికల లెక్క కోసం చేసిన ఎంపికకు మూల్యం చెల్లించింది అభ్యర్థి కాదు, ఆ ఓట్ల లెక్కలో లేని మనుషులు.

రెండో రాయి అడ్డు తొలగించుకోవడం. 1900లో న్యూయార్క్ పార్టీ పెద్ద థామస్ ప్లాట్‌కు గవర్నరు థియొడోర్ రూజ్వెల్ట్ కొరకరాని కొయ్య అయ్యారు. ఆయనను న్యూయార్క్‌నుంచి కదిలించడానికి ఉపాధ్యక్ష పదవి అనువుగా కనపడింది. నచ్చని గుమస్తాను పనిలేని సెక్షన్‌కు బదిలీ చేయించడం వంటిదే ఇది. మరుసటి ఏడాది సెప్టెంబరులో అధ్యక్షుడు మెకిన్లీ హత్యకు గురయ్యారు. పనిలేని సెక్షన్‌కు పంపిన మనిషి 42 ఏళ్ల వయసులో అధ్యక్షుడయ్యారు. తరవాత ఆయన దేశంలోని గొప్ప అధ్యక్షుల్లో ఒకరుగా పేరు తెచ్చుకున్నారనుకోండి, అది ప్లాట్‌గారి గొప్పతనం కాదు.

ఇలాంటిదే మన వృత్తికి సంబంధించిన కథ ఇంకొకటి ఉంది. 1880లో గార్‌ఫీల్డ్‌కు జోడీగా చెస్టర్ ఆర్థర్‌ను పెట్టింది పార్టీలోని ఎదుటి ముఠాను చల్లబరచడానికి. ఉద్యోగాలను కార్యకర్తలకు పంచిపెట్టే రాజకీయంలో పెరిగిన మనిషి ఆయన. న్యూయార్క్ కస్టమ్స్ హౌస్ పెద్దగా ఉండగా 1878లో అధ్యక్షుడు హేస్ ఆయనను ఆ పదవినుంచి తొలగించారు. 1881 జూలై 2న, ఉద్యోగం దొరకలేదన్న కక్షతో ఒకడు గార్‌ఫీల్డ్‌ను కాల్చాడు. సెప్టెంబరు 19న ఆయన కన్నుమూశారు. ఆర్థర్ వచ్చాడు, ఇక ఉద్యోగాల పంపకమే అని అందరూ అనుకున్నారు. ఆ ఆర్థరే 1883 జనవరిలో పెండిల్టన్ చట్టం మీద సంతకం చేశారు. ప్రభుత్వోద్యోగాలు సిఫారసు మీద కాక పరీక్షల మీద, ప్రతిభ మీద ఇవ్వాలన్న నియమం అమెరికా ఫెడరల్ ప్రభుత్వంలో అలా మొదలైంది. పరీక్ష రాసి ఉద్యోగంలో చేరిన మనబోటివాళ్లు ఆయనకు ఒక నమస్కారం పెట్టవచ్చు. కాని ఇది అదృష్టం. అదృష్టాన్ని పద్ధతి అనకూడదు.

మూడో రాయి రాష్ట్రం. ఫలానా రాష్ట్రం మనిషిని పెట్టుకుంటే ఆ రాష్ట్రం ఓట్లు వస్తాయనే లెక్క. దీనికి అందరూ చూపించే ఉదాహరణ 1960. మసాచుసెట్స్‌కు చెందిన కెనెడీ టెక్సాస్ నాయకుడు లిండన్ జాన్సన్‌ను జోడీగా తీసుకున్నారు. టెక్సాస్ 24 ఎలక్టర్ల ఓట్లూ వచ్చాయి. అది నిజమే. కాని మిగిలిన లెక్కలు కూడా చూడాలి. 1968లో ఆగ్న్యూ తన మేరీలాండ్‌ను గెలిపించలేకపోయారు. 1988లో బెంట్సన్ టెక్సాస్‌ను, 2004లో ఎడ్వర్డ్స్ ఉత్తర కరోలినాను, 2012లో ర్యాన్ విస్కాన్సిన్‌ను తమ జోడీకి తెచ్చిపెట్టలేకపోయారు. 1992లో క్లింటన్ ఆర్కాన్సా పక్క రాష్ట్రమైన టెనెసీనుంచి, తన వయసువాడూ తన బోటివాడే అయిన అల్ గోర్‌ను తీసుకున్నారు. సమతూకం సూత్రాలన్నిటికీ అది విరుద్ధం. అయినా గెలిచారు.

కెనెడీ జోడీ సంగతి ఇంకొంచెం చెప్పాలి. 1963 నవంబరు 22న కెనెడీ హతులయ్యాక టెక్సాస్ ఓట్ల కోసం తెచ్చుకున్న మనిషి అధ్యక్షుడయ్యారు. 1964 పౌర హక్కుల చట్టం, 1965 ఓటు హక్కు చట్టం, వృద్ధులకు మెడికేర్ ఆయన సంతకంతోనే వచ్చాయి. వియత్నాం యుద్ధాన్ని పెంచింది కూడా ఆయనే. 1965 అక్టోబరులో ఆయన సంతకం చేసిన వలస చట్టం దేశాలవారీ పాత కోటాలను తీసివేసింది. మన తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో అమెరికా వెళ్లడానికి దారి అక్కడే తెరుచుకుంది. 1960లో ఒక హోటల్ గదిలో జరిగిన జోడీ ఎంపిక ఎంత దూరం వచ్చిందో, ఎవరి ఇళ్లదాకా వచ్చిందో చూడండి.

తూకపురాళ్ల సంగతి ఇది. ఇక తొందర వల్ల, నిర్లక్ష్యం వల్ల వచ్చిన అనర్థాలు రెండు చెబుతాను.

1972లో మెక్‌గవర్న్ పార్టీ మహాసభ చివరి రోజున కొన్ని గంటల వ్యవధిలో సెనేటర్ ఈగిల్టన్‌ను ఎంచుకున్నారు. పాత సంగతులు సరిగా విచారించలేదు. మానసిక కుంగుబాటుకు ఆయన మూడుసార్లు ఆసుపత్రిలో ఉండి, విద్యుత్ షాక్ చికిత్స తీసుకున్నారని తరవాత బయటపడింది. జబ్బు చేయడం తప్పు కాదు. ఆ సంగతి ఆయన ముందుగా చెప్పకపోవడం, వీరు గట్టిగా అడగకపోవడం తప్పు. మొదట ఆయన వెనక పూర్తిగా నిలబడతానన్న మెక్‌గవర్న్ 18 రోజులకే ఆయనను తప్పించారు. ఆ ఎన్నికలో నిక్సన్ 49 రాష్ట్రాలు గెలిచారు. ఓటమికి ఇదొక్కటే కారణం కాదు. కాని తన పక్క మనిషినే సరిగా ఎంచుకోలేనివాడు దేశాన్ని ఏం నడుపుతాడన్న మాట మాత్రం జనంలోకి వెళ్లింది.

రెండోది 1944. ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ ఆరోగ్యం క్షీణిస్తోందని పార్టీ పెద్దలకు తెలుసు. అప్పటి ఉపాధ్యక్షుడు హెన్రీ వాలెస్‌ను మార్చి మిసోరీ సెనేటర్ హ్యారీ ట్రూమన్‌ను పెట్టారు. కుర్చీ ఖాళీ కావచ్చునన్న ఎరుకతో చేసిన ఎంపిక కాబట్టి ఇది కొంత నయం. కాని ఎంచిన తరవాత ఆయనకు ఏ ఫైలూ చూపించలేదు. ఉపాధ్యక్షుడైన 82వ రోజున, 1945 ఏప్రిల్ 12న, ట్రూమన్ అధ్యక్షుడయ్యారు. అణుబాంబు తయారవుతోందన్న పూర్తి వివరం యుద్ధ మంత్రి స్టిమ్సన్ ఆయనకు చెప్పింది ఏప్రిల్ 25న. ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు పడింది. లక్షల ప్రాణాల మీది నిర్ణయం, ఆ ఫైలు మొదటిసారి చూసి నాలుగు నెలలైనా కాని మనిషి చేతిలో పడింది. చార్జి అప్పగించేటప్పుడు పెండింగు ఫైళ్ల జాబితా ఇవ్వాలని మనకు చేరిన మొదటి నెలలోనే నేర్పేవారు.

మరి ఎవరూ సరిగా చేయలేదా? చేశారు. 1976లో జిమ్మీ కార్టర్ తొందరపడలేదు. జార్జియాలోని ప్లెయిన్స్ అనే తమ చిన్న ఊరికి కొందరిని పిలిపించుకుని మాట్లాడారు. తనకు వాషింగ్టన్ అనుభవం లేదు కాబట్టి అది ఉన్న సెనేటర్ వాల్టర్ మాండేల్‌ను ఎంచుకున్నారు. గెలిచాక ఆయనకు వైట్ హౌస్ పశ్చిమ భాగంలోనే గది ఇచ్చారు, రహస్య నివేదికలు చూపించారు, వారానికొకసారి ఇద్దరూ కూర్చుని భోజనం చేసేవారు. 1980లో ఆ జోడీ ఓడిపోయింది. అయినా ఉపాధ్యక్షుడికి పని నేర్పి, దగ్గర పెట్టుకోవాలన్న పద్ధతి ఆ తరవాతివారికి కూడా నమూనాగా నిలిచింది.

ఈమధ్య జరిగిన ఎన్నికకు వద్దాం. 2024 జూలై 13న పెన్సిల్వేనియాలోని బట్లర్ సభలో ట్రంప్ మీద కాల్పులు జరిగాయి. తూటా చెవిని తాకి పోయింది. రెండు రోజులకు, జూలై 15న, ఆయన ఒహాయో సెనేటర్ జె.డి. వాన్స్‌ను జోడీగా ప్రకటించారు. రెండో కుర్చీ ఎందుకు ముఖ్యమో అంతకంటే విడమరిచి చెప్పే వారం ఇంకొకటి ఉండదు. జూలై 21న అధ్యక్షుడు బైడెన్ పోటీనుంచి తప్పుకున్నారు. కమలా హారిస్‌కు జోడీని ఎంచుకోవడానికి సుమారు రెండు వారాలే దొరికాయి. 19 ఎలక్టర్ల ఓట్లున్న పెన్సిల్వేనియా గవర్నరు షాపిరో, అరిజోనా సెనేటర్ కెల్లీ పేర్లు బాగా వినపడ్డాయి. చివరకు ఆగస్టు 6న మిన్నెసోటా గవర్నరు టిమ్ వాల్జ్‌ను ప్రకటించారు. నవంబరులో ట్రంప్ జోడీకి 312, హారిస్ జోడీకి 226 ఎలక్టర్ల ఓట్లు వచ్చాయి. షాపిరోను పెట్టుకుని ఉంటే ఫలితం మారేదా అని అక్కడ వాదించుకున్నారు. పెన్సిల్వేనియా 19 ఓట్లు ఇటునుంచి అటు మార్చినా 293కు 245. గెలవడానికి కావలసింది 270. కూడిక తీసివేతలు మనకు అలవాటే కదా.

2025 జనవరి 20న ట్రంప్ 78 ఏళ్ల వయసులో, వాన్స్ 40 ఏళ్ల వయసులో ప్రమాణం చేశారు. 2021లో ప్రమాణం చేసినప్పుడు బైడెన్ వయసు కూడా 78. అంటే ఇటీవల రెండు పార్టీలవారూ మన వయసువారినే ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. మన వయసు సంగతి మనకు తెలుసు. అభ్యర్థి పెద్దవారైనకొద్దీ రెండో కుర్చీ బరువు పెరుగుతుంది.

వాన్స్ భార్య ఉష చిలుకూరివారి ఆడపడుచు. ఆమె పూర్వీకుల ఊరు తణుకు దగ్గరి వడ్లూరు. హారిస్ తల్లి శ్యామలా గోపాలన్ తమిళనాడు మూలాలున్నవారు. అక్కడ తులసేంద్రపురంలో పూజలు జరిగాయి, ఇక్కడ వడ్లూరులోనూ జరిగాయి. మనవాళ్లన్న సంతోషం సహజం, దాన్ని కాదనను. కాని చుట్టరికం తూకపురాయి కాదు.

చివరగా, ఒక జోడీ పేరు వినపడినప్పుడు ఏ వరసలో ప్రశ్నలు వేయాలో నాకు తోచింది చెబుతాను. ఒకటి, ఈ రాత్రి కుర్చీ ఖాళీ అయితే రేపు ఉదయం ఈ మనిషి పని నడపగలరా? రెండు, జనం ఏ విధానాలకు ఓటు వేశారో వాటినే కొనసాగిస్తారా, లేక టైలర్‌లా తిరగబెడతారా? మూడు, సర్వీసు రిజిస్టరు మొదటి పేజీనుంచి చివరిదాకా చూశారా? నాలుగు, అధ్యక్షుడితో 'అయ్యా, ఇది తప్పు' అని చెప్పగల మనిషేనా, అధ్యక్షుడు ఈ మనిషికి ఫైళ్లు చూపిస్తారా? ఐదోది, అన్నిటికంటే చివర, ఎన్ని ఓట్లు తెస్తారు?

ముందు గెలవాలి కదా, గెలవకపోతే మిగిలిన నాలుగూ ఎందుకు అని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది. ఫలానా మనిషి ఎన్ని ఓట్లు తెస్తారో ముందుగా ఎవరూ చెప్పలేరు. మేరీలాండ్, టెక్సాస్, ఉత్తర కరోలినా, విస్కాన్సిన్ లెక్కలు చూశాం. పనిమంతులా కాదా అనేది మాత్రం విచారిస్తే ముందుగానే తెలుస్తుంది. తెలుసుకోగలిగినదాన్ని పక్కన పెట్టి, తెలుసుకోలేనిదాన్ని నమ్ముకుని దేశాన్ని అప్పగించడం ఏ ఆఫీసు మాన్యువల్ ప్రకారమూ సరికాదు.

2028లో అక్కడ మళ్లీ అధ్యక్ష ఎన్నికలు. ఆ వేసవిలో జోడీల పేర్లు బయటికి వస్తాయి. మీ అబ్బాయో, అమ్మాయో, ఓటు వచ్చిన మనవడో ఫోనులో ఆ కబుర్లు చెప్పినప్పుడు ఎవరు గెలుస్తారని అడగండి, తప్పులేదు. దానితోపాటు ఈ మొదటి ప్రశ్న కూడా ఒకసారి అడగండి. ఓటు వేసేది వాళ్లు, ఆ ఓటు కింద బతికేది కూడా వాళ్లే.